3584 కోర్ల రెండు కార్డులు

2017 మార్చిలో వచ్చిన జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డులో 3584 కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు, ఉన్నాయి. నాలుగేళ్ల తర్వాత, 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్టీఎక్స్ 3060లోనూ సరిగ్గా 3584 కోర్లే. రెండూ ఎన్విడియా కంపెనీవే. కాగితం మీద మొదటిది సెకనుకు 11.3 లక్షల కోట్ల లెక్కలు చేస్తుంది, రెండోది 12.7 లక్షల కోట్లు. మరి హనుమకొండలో పెండ్లి వీడియోలు ఎడిట్ చేసే పిల్లగాడు తన పాత 1080 టీఐ తీసేసి 3060 పెట్టుకోవాలా? ముహూర్తాల సీజన్ దగ్గర పడుతుంటే మా వైపు ఇలాంటి ప్రశ్నలు మొదలవుతాయి. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో దిగేవాళ్లలో చాలామంది డబ్బా మీది నంబరు చూసే కార్డు తెచ్చుకుంటారు.

ఆ లక్షల కోట్ల అంకె ఎలా వస్తుందో చూస్తే దాని బలహీనత కూడా తెలుస్తుంది. చిప్ లోపలి గడియారం ఒక్కసారి కొట్టుకునేలోపు ఒక్కో కోరు ఒక గుణకారం, ఒక కూడిక చేస్తుందని అనుకుంటారు. కోర్ల సంఖ్యను గడియార వేగంతో, ఆపైన రెండుతో గుణిస్తారు. అంతే. కోరుకు పని దొరికిందా, డేటా అందిందా అన్నది ఆ లెక్కలో ఉండదు. 2019 నాటి ఆర్టీఎక్స్ 2060లో 1920 కోర్లు. 3060కి వచ్చేసరికి ఆ సంఖ్య రెట్టింపుకు దగ్గరైంది, ఆటల్లో వేగం మాత్రం ఆ పక్కకు కూడా రాలేదు. 3060 కోర్లలో సగం, పూర్ణాంకాల లెక్కలు వచ్చినప్పుడల్లా దశాంశాల లెక్కలు ఆపి అటు వెళ్లాల్సినవే. కంపెనీ మాత్రం అన్నింటినీ కలిపే లెక్కేసింది.

డేటా అందడం ఇంకో పెద్ద సంగతి. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో యార్డు లోపల ఎంతమంది హమాలీలు ఉన్నా, గేటు ఇరుకైతే బస్తాలు బయటే ఆగిపోతాయి. కార్డులో ఆ గేటు మెమరీ బస్, అంటే కార్డు మెమరీ నుంచి చిప్‌కు డేటా వచ్చే దారి. 1080 టీఐలో అది 352 బిట్లు, సెకనుకు 484 జీబీ డేటా పోతుంది. 3060లో 192 బిట్లు, 360 జీబీ. 2023లో వచ్చిన 4060కి 128 బిట్లే, 272 జీబీ. తరం మారినకొద్దీ గేటు చిన్నదవుతూ వచ్చిందన్నమాట! అయినా 4060 చాలా ఆటల్లో 3060ని దాటుతుంది. దాని చిప్ లోపలే 24 ఎంబీల క్యాష్ (డేటాను చేతికందేలా దాచుకునే చిన్న మెమరీ) ఉంది, 3060లో ఉన్నది 3 ఎంబీలే. తరచూ కావాల్సిన డేటా లోపలే దొరికితే గేటు దాకా పోవాల్సిన పని తగ్గుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. 4కేకి వెళ్లేసరికి డేటా క్యాష్‌లో పట్టదు, లాభం కరిగిపోతుంది. పైగా 4060లో మెమరీ 8 జీబీలే, పాత 3060లో 12. ఆ 8 నిండితే మిగతాది మదర్‌బోర్డు మీదుగా కంప్యూటర్ ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. కార్డును బోర్డుకు కలిపే పీసీఐ స్లాటులో 4060 వాడుకునేది ఎనిమిది లేన్లే (డేటా దారులే) కాబట్టి, పాత పీసీఐ 3.0 బోర్డులో ఆ దారి సెకనుకు 8 జీబీలకు మించదు. సగటు వేగం బాగానే కనిపిస్తుంటుంది, ఆట మాత్రం మధ్యమధ్యలో గుక్కపట్టినట్టు ఆగుతుంది.

ఇదంతా ఆటల సంగతి. పెండ్లి వీడియో చేసేవాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు. వాళ్ల పని ఎక్కువగా ఆనేది కోర్ల మీద కాదు, చిప్‌లో ఓ మూలన విడిగా ఉండే వీడియో ఇంజిన్ మీద. కెమెరా ఫైలును విప్పడం, చివర్లో ఎక్స్‌పోర్ట్ చేయడం దాని పని. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు 10 బిట్ 4:2:2 అనే పద్ధతిలో రికార్డు చేయగలవు. రంగుల వివరం ఎక్కువగా నిలుస్తుంది, కలర్ గ్రేడింగ్‌కు బాగుంటుంది. అయితే ఎన్విడియా జీఫోర్స్ కార్డుల వీడియో ఇంజిన్‌కు 4:2:2 విప్పడం వచ్చింది 2025 నాటి 50 సిరీస్‌తోనే. ఎంతో డబ్బు పోసి అంతకుముందు తరం 4090 కొన్నా సరే, ఆ ఫైళ్ల భారమంతా ప్రాసెసర్ మీదే పడేది. అదే ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ప్రాసెసర్లలో ఉన్న చిన్న సొంత గ్రాఫిక్స్ హెచ్ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌లోని 4:2:2 ఫైళ్లను తేలిగ్గా విప్పేస్తుంది. నా సలహా అడిగితే, ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ నత్తనడక నడుస్తోందని కార్డు మార్చేకన్నా, పేరు చివర ‘ఎఫ్’ లేని ఇంటెల్ ప్రాసెసర్ చూసుకోమంటాను. ఎఫ్ ఉంటే ఆ సొంత గ్రాఫిక్స్ ఉండదు. ముందు విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి క్లిప్పు ప్లే చేస్తే అసలు సంగతి బయటపడుతుంది: వీడియో డీకోడ్ గీత కదలకుండా సీపీయూ 100 శాతం కొడుతుంటే, ఆ ఫైలు మీ కార్డుకు చేతకావడం లేదని అర్థం.

కొత్తదానికి పాతదానికన్నా తక్కువ పనులు తెలిసిన సందర్భమూ ఉంది. ఎన్విడియాకు పోటీ కంపెనీ ఏఎండీ 2022లో తెచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీలో, ఎక్స్‌పోర్ట్‌కు కావాల్సిన వీడియో ఎన్‌కోడర్ అసలు లేదు. 2017 నాటి ఆర్ఎక్స్ 580లో ఉంది.

2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ వేదిక మీద, 549 డాలర్ల 5070కి 4090 అంత పనితీరు ఉందన్నారు. 5070లో 6144 కోర్లు, 4090లో 16384. ఆ తేడా ఎలా పూడింది? కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకు మరో మూడు ఫ్రేములను ఏఐ ఊహించి చేరుస్తుంది. తెర మీద కదలిక నున్నగా కనిపిస్తుంది, మౌస్ కదిపితే ఆట స్పందించే వేగం మాత్రం గీసిన ఫ్రేముల లెక్కనే ఉంటుంది. వీడియో ఎక్స్‌పోర్ట్‌కు ఇది పైసా పనికి రాదు. దీన్ని మోసం అనను కానీ, పోలిక అని కూడా అనలేను.

ఇక మొదటి ప్రశ్న, 1080 టీఐ తీసేసి 3060 పెట్టుకోవాలా అన్నది. మామూలు ఆటల్లో 1080 టీఐ, 3060 దాదాపు సమానం, కొన్ని పాత ఆటల్లో పాతదే ముందుంటుంది. నాయిస్ తీయడం, మనిషి వెనకాల బ్యాక్‌గ్రౌండ్ వేరుచేయడం లాంటి ఏఐ పనుల్లో 3060 చాలా ముందుంటుంది, పాతదాంట్లో ఆ పనికి టెన్సర్ కోర్లే లేవు. ఆటల్లో వెలుగునీడలను లెక్కగట్టే రే ట్రేసింగ్ కోర్లూ లేవు, అవి లేకపోతే తెరుచుకోని ఆటలు ఇప్పుడు వస్తున్నాయి.

కరెంటు లెక్క కూడా చూడాలి. 1080 టీఐ నిండు పని మీద 250 వాట్లు లాగుతుంది, 3060కి 170, 4060కి 115 చాలు. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు ఇరవై అయిదు రోజులు ఆ స్థాయిలోనే నడిస్తే 1080 టీఐకి, 4060కి తేడా 27 యూనిట్లు. కమర్షియల్ మీటరున్న షాపుకు ఎన్‌పీడీసీఎల్ కరెంటు బిల్లులో అది కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద తలనొప్పి యూపీఎస్. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లో, ఇంకా తక్కువో. 250 వాట్ల కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి ఒకేసారి లాగితే కరెంటు పోయిన క్షణంలోనే యూపీఎస్ చేతులెత్తేస్తుంది, అర్ధరాత్రి పెట్టిన ఎక్స్‌పోర్ట్ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.