కంటి లెన్స్ మీద పూత: "ఇందులో కొత్తేముంది?" అనే పాత గొడవ

శుక్లాల ఆపరేషన్‌లో కంట్లో పెట్టే లెన్స్‌కి ఆద్యుడు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానంలో పైలట్ తలమీద ఉండే పారదర్శక ప్లాస్టిక్ కప్పు ముక్కలు పైలట్ల కళ్ళలో ఇరుక్కుపోయినా కన్ను పెద్దగా ఎదురుతిరగకపోవడం చూసి, అదే రకం అక్రిలిక్ ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించి 1949 నవంబరు 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక రోగికి పెట్టారు. పేటెంట్ తీసుకోలేదు. పేటెంట్ల గొడవంతా తర్వాత వచ్చింది, అందులో బాగా చిక్కుగా ఉండేది లెన్స్ పైపూతలది.

పూత ఎందుకంటే, ప్లాస్టిక్ మంచిదే గానీ దాని ఉపరితలం మొండిది. ఆపరేషన్‌లో లెన్స్ ఒక్కసారి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) లోపలి పొరకు తగిలినా అక్కడి కణాలు ఊడి వస్తాయని, నీటిని పట్టుకునే పూత వేస్తే ఆ నష్టం తగ్గుతుందని 1970ల చివర్లోనే పరిశోధకులు చూపించారు. ఆ కణాలు పోతే మళ్ళీ పుట్టవు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. తర్వాత స్వీడన్ కంపెనీ ఫార్మేసియా హెపారిన్ అతికించిన లెన్స్ తెచ్చింది, వాపు కణాలు తక్కువగా అంటుకోవాలని. చిక్కల్లా ఇక్కడే. హెపారిన్ రక్తం గడ్డకట్టనివ్వదని అందరికీ తెలుసు, రక్తం తగిలే పరికరాలకు దాని పూత 1960ల నుంచే ఉంది. మరి దాన్నే కంటి లెన్స్ మీద వేస్తే కొత్త ఆలోచనా, లేక ఆ మాత్రం ఎవరికైనా తడుతుందా?

అమెరికాలో ఈ ప్రశ్నకు మూలం తలుపు పిడి. 1851లో హాచ్‌కిస్ కేసులో, ఉన్న పిడినే మట్టితో, పింగాణీతో చేసినంత మాత్రాన అది ఆవిష్కరణ కాదు, మామూలు పనివాడి నేర్పు చాలని సుప్రీంకోర్టు తేల్చింది. 1952 పేటెంట్ చట్టం దీన్నే 103వ సెక్షన్‌గా రాసుకుంది. 1966లో ఆడమ్స్ బ్యాటరీ కేసు మాత్రం రెండోవైపు మొగ్గింది: పదార్థాలన్నీ పాతవే, కానీ కలిపితే వచ్చిన ఫలితం ఎవరూ ఊహించనిది, మొదట సైన్యం నిపుణులే ఇది పనిచెయ్యదన్నారు, తర్వాత ప్రభుత్వమే వాడుకుంది. కోర్టు పేటెంట్ నిలబెట్టింది.

నా లెక్కలో పూతల వాదనంతా ఈ రెండింటి మధ్యే: ఇది తలుపు పిడా, ఆడమ్స్ బ్యాటరీయా? దరఖాస్తు పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ ఒక కాంటాక్ట్ లెన్స్ పేటెంట్, ఒక కాథెటర్ (ఒంట్లోకి దూర్చే సన్నటి గొట్టం) పూత పేటెంట్ పక్కపక్కన పెట్టి "రెండూ కలిపితే నీదే వస్తుంది" అంటాడు. 2007లో అమెరికా సుప్రీంకోర్టు కేఎస్ఆర్ కేసు తీర్పు, అలా కలపమని పాత పత్రాల్లో ఎక్కడో రాసి ఉండాలన్న పట్టింపును సడలించాక ఆ మాట అనడం ఇంకా తేలికైంది. దరఖాస్తుదారు జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే, కంటి లోపల పరిస్థితి వేరు: పూత పారదర్శకంగా ఉండాలి, స్టెరిలైజేషన్ తట్టుకోవాలి, లెన్స్‌ని మడిచి సన్నటి గొట్టంలోంచి తోసినా పొట్టు లేవకూడదు, ఏళ్ళ తరబడి ఉండాలి. ఇదంతా నిజమే, కానీ మాటలతో సరిపోదు, పూత ఉన్నదీ లేనిదీ పోల్చిన ప్రయోగ ఫలితాలు చూపిస్తేనే బలం. అదీ మామూలు మెరుగుదలైతే పిడి ఖాతాలోకే పోతుంది.

మన భారత పేటెంట్ చట్టంలో 2(1)(జెఎ) సెక్షన్ సాంకేతిక ముందడుగో, ఆర్థిక ప్రాధాన్యమో, రెండూనో అడుగుతుంది. ఆర్థిక ప్రాధాన్యం అన్న మాట చూసి లెన్స్ బాగా అమ్ముడైతే చాలనుకునేవాళ్ళున్నారు. ఆ వాక్యం చివరిదాకా చదవాలి, ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదన్న షరతు అక్కడే ఉంది.