ఆ ముప్పై మందిలో నేను లేను

2025 ఫిబ్రవరి 9 రాత్రి న్యూ ఆర్లీన్స్‌లో మా ఫిలడెల్ఫియా ఈగల్స్ 40-22తో చీఫ్స్‌ని చితక్కొట్టి, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎన్ఎఫ్ఎల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు. ఇంకా టపాసుల చప్పుడు ఆగకముందే మా వాట్సాప్ గ్రూపులో మా బావ ఒక పాత స్క్రీన్‌షాట్ పెట్టాడు. 2020 ఏప్రిల్ 24 నాటిది, అందులో ఉన్నది నా మెసేజే. "వీళ్లకి పిచ్చి పట్టిందా? ఉన్న క్వార్టర్‌బ్యాక్‌కి 128 మిలియన్లు పోసి మళ్లీ ఇంకో క్వార్టర్‌బ్యాకా?" ఆ "ఇంకో క్వార్టర్‌బ్యాక్" (అంటే బంతి విసిరి జట్టుని నడిపేవాడు) ఆ రోజు ఈగల్స్ కొత్తగా ఎంచుకున్న జేలన్ హర్ట్స్. ఆ రాత్రి సూపర్ బౌల్ ఎంవీపీ, అంటే మ్యాచ్‌లో మేటి ఆటగాడు, అతనే. గ్రూపంతా నా మీద పడి నవ్వుకుంది, నేనూ నవ్వాను, వేరే దారి లేదు.

ఆ స్క్రీన్‌షాట్ వెనక ఫిలడెల్ఫియాది చాలా పాత కథ ఉంది. ఈ ఊళ్లో డ్రాఫ్ట్ గురించి మాట ఎత్తితే ఎవరో ఒకరు 1999 అంటారు, వెంటనే ఇంకొకరు "ఆ ముప్పై మందిలో నేను లేను" అంటారు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ ముప్పై మంది ఎవరో తెలియక ఏదో కేసు గొడవేమో అనుకున్నాను. (మా అమ్మకైతే ఇప్పటికీ ఇది ఈగల జట్టే. "మీ ఈగలు గెలిచాయా?" అని ఫోన్లో అడుగుతుంది.)

డ్రాఫ్ట్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మన ఐపీఎల్ వేలంలా పాట పాడి కొనుక్కోవడం కాదిది, వరస. కాలేజీ ఆట ముగించుకుని వచ్చే కుర్రాళ్లని జట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకుంటాయి. కిందటేడు అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుకి మొదటి అవకాశం, ఛాంపియన్‌కి చివరిది. కుర్రాడికి ఊరు ఎంచుకునే హక్కు లేదు, ఎవరు పిలిస్తే అక్కడికి పోవాలి. దీనివల్ల ఓడిపోయిన జట్టు అభిమానికి ఏడాదిలో మిగిలే ఒకే ఒక్క పండగ ఏప్రిల్లో వచ్చే ఈ డ్రాఫ్టే. అది కూడా పాడుచేస్తే మరి కడుపు మండదా?

తమాషా ఏంటంటే, ఈ పద్ధతి పుట్టిందే ఫిలడెల్ఫియాలో. ఈగల్స్ యజమాని బర్ట్ బెల్ దగ్గర డబ్బూ లేదు, గెలుపులూ లేవు, మంచి ఆటగాళ్లంతా పెద్ద జట్లకి పోతుంటే చూస్తూ కూర్చోలేక 1935లో ఈ వరస పద్ధతి ప్రతిపాదించాడు. 1936 ఫిబ్రవరిలో రిట్జ్-కార్ల్‌టన్ హోటల్లో మొట్టమొదటి డ్రాఫ్ట్ జరిగింది. మొట్టమొదటి పిక్ (ఎంపిక) కూడా ఈగల్స్‌దే, షికాగో యూనివర్సిటీ కుర్రాడు జే బర్‌వాంగర్, కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ మొదటి విజేత. అతను అడిగిన జీతం వీళ్లు ఇవ్వలేక హక్కుల్ని షికాగో బేర్స్‌కి వదిలేశారు, అక్కడా బేరం కుదరలేదు, ఆ మహానుభావుడు ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఉద్యోగం చూసుకున్నాడు. డ్రాఫ్ట్ కనిపెట్టిన జట్టుకే మొదటి బోణీ అలా జరిగింది.

తర్వాత 1968. శాంటాక్లాజ్ వేషం వేసుకున్న మనిషిని ఫిలడెల్ఫియా జనం మంచు ఉండలతో కొట్టారని అమెరికా మొత్తం ఇప్పటికీ దెప్పుతుంది కదా, అది ఆ ఏడాది డిసెంబరు 15న ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో జరిగింది. ఆ కోపం శాంటా మీద కాదన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ సీజన్లో ఈగల్స్ వరసగా 11 మ్యాచ్‌లు ఓడారు. అలాగే ఓడుతూ పోతే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ దక్కేది, అంటే ఓజే సింప్సన్ (అప్పటికి అతను హత్య కేసు మనిషి కాదు, కేవలం గొప్ప ఆటగాడు మాత్రమే). సరిగ్గా అప్పుడు, ఎవరూ అడక్కపోయినా, రెండు మ్యాచ్‌లు గెలిచేశారు. సింప్సన్ బఫలోకి పోయాడు, వీళ్లకి మూడో పిక్‌గా లెరోయ్ కీస్ వచ్చాడు. ఓడాల్సినప్పుడు గెలిచిన జట్టు, చలి, ఖాళీ చేతులు... మధ్యలో పాపం శాంటా దొరికాడు.

ఇక 1999కి వద్దాం, అసలు కథ ఇదే.

1998లో ఈగల్స్ 3 గెలిచి 13 ఓడారు. 16 మ్యాచ్‌ల్లో కలిపి 161 పాయింట్లు, లీగ్‌లో అందరికంటే తక్కువ. బాబీ హోయింగ్ అనే క్వార్టర్‌బ్యాక్ ఆ ఏడాది ఒక్క టచ్‌డౌన్ పాస్ (స్కోరు తెచ్చే విసురు) కూడా వేయలేదు, 9 సార్లు బంతిని అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు. కోచ్ రే రోడ్స్‌ని పంపేసి గ్రీన్ బే నుంచి ఆండీ రీడ్ అనే మనిషిని తెచ్చారు. అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్‌గా చేసిన అనుభవం లేదు. రెండో పిక్ వీళ్ల చేతిలో ఉంది. జనానికి కావాల్సింది టెక్సాస్ యూనివర్సిటీ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) రికీ విలియమ్స్, ఆ ఏడాది హైస్మన్ విజేత, ఎవరు చూసినా నోరెళ్లబెట్టే ఆటగాడు. నగర మేయర్ ఎడ్ రెండెల్ కూడా బాహాటంగా రికీ పాటే పాడాడు. మేయరే అన్నాక ఇక ఆపేదెవరు? డబ్ల్యూఐపీ అనే స్పోర్ట్స్ రేడియోలో అప్పట్లో పొద్దుటి షో నడిపిన ఏంజెలో కటాల్డి ఒక ముప్పై మంది వీరాభిమానుల్ని పోగేసి, బస్సెక్కించి, న్యూయార్క్‌లో డ్రాఫ్ట్ జరిగే మాడిసన్ స్క్వేర్ గార్డెన్ థియేటర్‌కి తీసుకుపోయాడు. ముఖాలకి రంగులు, ఒంటి మీద జెర్సీలు. "డర్టీ థర్టీ" అని పేరు కూడా పడింది.

ఏప్రిల్ 17. మొదటి పిక్‌లో క్లీవ్‌లండ్ టిమ్ కౌచ్‌ని తీసుకుంది. తర్వాత కమిషనర్ పాల్ టాగ్లియబూ వచ్చి సిరక్యూస్ క్వార్టర్‌బ్యాక్ డానవన్ మెక్‌నాబ్ పేరు చదివాడు. హాలు దద్దరిల్లిపోయేలా "బూ" అని గేలి. మెక్‌నాబ్ అమ్మానాన్నలు ఆ హాల్లోనే ఉన్నారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, జీవితంలో అతి పెద్ద రోజు, కోటు వేసుకుని నవ్వు ముఖంతో వేదికెక్కి జెర్సీ పట్టుకుని నిలబడ్డాడు, కింద తన సొంత జట్టు అభిమానులే బొటనవేళ్లు కిందికి తిప్పి అరుస్తున్నారు. ఆ వీడియో ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ నేను చూసేది అతని నవ్వునే, అది మధ్యలో ఎక్కడ ఆగుతుందా అని.

తర్వాత ఏం జరిగిందో స్కోరుబోర్డు చెబుతుంది. మెక్‌నాబ్ ఆరుసార్లు ప్రో బౌల్‌కి (లీగ్‌లో మేటి ఆటగాళ్ల మ్యాచ్) ఎంపికయ్యాడు, జట్టుని ఐదుసార్లు ఎన్ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ (సూపర్ బౌల్‌కి సెమీఫైనల్ లాంటిది) దాకా తీసుకెళ్లాడు, అందులో నాలుగు వరసగా. 2002లో అరిజోనా మీద చీలమండ ఎముక విరిగినా మ్యాచ్ వదలకుండా నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. రికీ విలియమ్స్ సంగతి చూస్తే, అతని కోసం న్యూ ఆర్లీన్స్ కోచ్ మైక్ డిట్కా ఆ ఏడాది తనకున్న పిక్‌లన్నీ, వచ్చే ఏడాది మొదటి, మూడో రౌండ్లు కూడా ధారపోశాడు, ఇద్దరూ కలిసి పెళ్లి బట్టల్లో ఒక పత్రిక కవర్ మీదకెక్కారు, ఆ సీజన్ 3-13 అయింది, డిట్కా ఉద్యోగం పోయింది. రికీ చెడ్డ ఆటగాడేం కాదు. 2002లో మయామీకి ఆడుతూ 1,853 యార్డులతో లీగ్‌లోనే ముందున్నాడు, మొత్తం కెరీర్లో పదివేలు దాటాడు. కానీ ఫిలడెల్ఫియాకి అప్పటికే డ్యూస్ స్టేలీ అనే రన్నింగ్ బ్యాక్ ఉన్నాడు, 1998 లాంటి దరిద్రపు సీజన్లో కూడా వెయ్యి యార్డులు దాటినవాడు. వీళ్లకి లేనిది బంతి విసిరేవాడు.

ఇప్పుడు ఆ రోజు గురించి ఇక్కడివాళ్లు ఎలా మాట్లాడతారో గమనిస్తే సరదాగా ఉంటుంది. మొదటి మాట, "అక్కడున్నది ముప్పై మందే, ఊరంతా కాదు." అది నిజమే. కానీ మేయర్ ముప్పై మందిలో లేడు, రేడియోకి ఫోన్లు చేసినవాళ్లూ లేరు. రెండో మాట, "మేం బూ కొట్టింది అతన్ని కాదు, యాజమాన్యాన్ని." ఇది కూడా నేను నమ్ముతాను, మనకీ ఇది తెలిసిన రోగమే. 2019 ప్రపంచ కప్ జట్టులో మన అంబటి రాయుడిని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ని తీసుకున్నప్పుడు, "త్రీ డైమెన్షన్స్" అన్నది సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్. రాయుడు 3డీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ పెట్టింది ఆ మాట మీదే (ఇద్దరిదీ గుంటూరు జిల్లాయే, అది వేరే సంగతి). కానీ మీమ్స్ అన్నీ ఎవరి మీద పడ్డాయి? తనని తాను ఎంపిక చేసుకోని విజయ్ శంకర్ మీద. వేదిక మీద నిలబడేవాడు ఒక్కడే, రాళ్లు తగిలేదీ వాడికే.

మూడో మాట మాత్రం ఎవరూ అనరు, నేనే అంటాను. ఆ రోజు భయపడటంలో తప్పేం లేదు. ఆ డ్రాఫ్ట్ మొదటి పన్నెండు పిక్‌ల్లో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. కౌచ్, అకిలి స్మిత్, కేడ్ మెక్‌నౌన్ ముగ్గురూ తేలిపోయారు, నిలబడింది మెక్‌నాబ్, డాంటే కల్‌పెపర్. అనుభవం లేని కోచ్ ఐదుగురిలో సరైనవాడినే పట్టుకుంటాడని ఏ లెక్కన నమ్మాలి? అందుకే ఆ గోలని నేను తెలివితక్కువతనం అనను, మర్యాద లేకపోవడం అంటాను. రెండూ ఒకటి కాదు.

మెక్‌నాబ్‌కీ ఊరికీ మధ్య ఆ మొదటి రోజు ముల్లు ఎప్పటికీ పూర్తిగా రాలేదు. 2005 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో పేట్రియట్స్ చేతిలో 24-21తో ఓడినప్పుడు చివర్లో అతను మైదానంలో వాంతి చేసుకున్నాడా లేదా అని ఇరవై ఏళ్లుగా వాదించుకుంటున్న ఊరు ఇది. 2010లో వాషింగ్టన్‌కి పంపేశారు. 2013 సెప్టెంబరు 19న అతని 5వ నంబర్ జెర్సీకి శాశ్వత విశ్రాంతి ఇచ్చారు, స్టేడియం లేచి చప్పట్లు కొట్టింది. అదే రాత్రి అవతలి జట్టు కోచ్‌గా వచ్చినవాడు ఆండీ రీడ్, చీఫ్స్‌తో. 26-16తో గెలిచి మరీ వెళ్లాడు.

ఇక 2020. ఈ కథలో మేం నేరుగా దోషులం కాబట్టి కాస్త నిజాయితీగా చెప్పాలి. కొవిడ్ వల్ల హాలూ లేదు, జనం లేరు, కమిషనర్ రోజర్ గూడెల్ తన ఇంటి బేస్‌మెంట్లో కూర్చుని పేర్లు చదివాడు, వీడియోలోనే బూ కొట్టమని అభిమానుల్ని తనే పిలిచాడు. మాకు అంత కూడా అక్కర్లేదు, వాట్సాప్ ఉంది. గురువారం మొదటి రౌండ్లో 21వ పిక్‌తో ఈగల్స్ జేలన్ రేగర్ అనే రిసీవర్‌ని (విసిరిన బంతి పట్టేవాడు) తీసుకున్నారు. 22వ పిక్‌తో మిన్నెసోటా జస్టిన్ జెఫర్సన్‌ని తీసుకుంది. జెఫర్సన్ మొదటి ఏడాదే 1,400 యార్డులు, 2022లో 1,809. రేగర్‌ని 2022లో ఈగల్స్ వదిలించుకున్నారు, ఎక్కడికంటే మిన్నెసోటాకే. శుక్రవారం రెండో రౌండ్, 53వ పిక్, హర్ట్స్.

అంటే గురువారం మా కోపం రైటు, శుక్రవారం తప్పు. ఇప్పుడు మా వాళ్లలో ఎవరిని కదిపినా గురువారం గురించే చెబుతారు, "ఆ రోజే చెప్పాను, జెఫర్సన్‌ని తీసుకోండ్రా అని." శుక్రవారం అందరూ బట్టలు ఉతుక్కుంటూ ఉన్నారట.

శుక్రవారం మేం మర్చిపోయింది ఏంటంటే, ఆ జనవరిలోనే సియాటిల్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో మా 128 మిలియన్ల క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్తే, 40 ఏళ్ల జాష్ మెక్‌కౌన్ వచ్చి కుంటుతూ మ్యాచ్ ముగించాడు. 2018లో మాకు మొదటి సూపర్ బౌల్ తెచ్చింది కూడా బెంచీ మీద నుంచి లేచిన నిక్ ఫోల్సే, ఎందుకంటే వెంట్జ్‌కి మోకాలు పోయింది. రెండో క్వార్టర్‌బ్యాక్ విలువ ఈ ఊరికి తెలిసినంతగా ఎవరికీ తెలియకూడదు, అయినా ఆటగాళ్లని ఎంచే ఈగల్స్ జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ "క్వార్టర్‌బ్యాక్ ఫ్యాక్టరీ" అంటే పగలబడి నవ్వాం. 2020 సీజన్లో వెంట్జ్ 15 సార్లు బంతిని అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు, బంతి విసిరేలోపే 50 సార్లు వాళ్ల చేతిలో కింద పడ్డాడు, డిసెంబరులో గ్రీన్ బేలో అతన్ని కూర్చోబెట్టి హర్ట్స్‌ని దింపారు. ఆ దింపిన కోచ్ డగ్ పెడర్సన్ ఎవరో తెలుసా? 1999లో మెక్‌నాబ్ సిద్ధమయ్యేదాకా సీటు వేడిగా ఉంచిన క్వార్టర్‌బ్యాక్. అప్పుడు ఆయనకీ ఇదే ఊరు బూలు కొట్టింది.

2016లో వెంట్జ్‌ని తీసుకున్నప్పుడు మేం చప్పట్లు కొట్టామని కూడా ఇక్కడ రాసి పెట్టాలి.

సరే, ఆ స్క్రీన్‌షాట్ దగ్గరికి. మర్నాడు కాఫీ తాగుతూ అనుమానం వచ్చి గ్రూపులో 2020 ఏప్రిల్ దాకా వెనక్కి జరుపుకుంటూ పోయాను, బొటనవేలు నొప్పి పుట్టింది. దొరికింది. నా మెసేజ్‌కి సరిగ్గా పైన, బావ కత్తిరించేసిన చోట, బావదే ఇంకొకటి ఉంది: "చెత్త పిక్. బ్యాకప్ కోసం రెండో రౌండా? రోజ్‌మన్‌ని రేపే తీసెయ్యాలి." దాన్ని తీసి గ్రూపులో పెట్టాను. పది నిమిషాలు ఆగి రిప్లై వచ్చింది.

"ఆ రోజు నా ఫోన్ మీ అక్క దగ్గరుంది బావా."