రోబోనా, లేజరా? ప్రొస్టేట్ వాపు ఆపరేషన్ చుట్టూ అల్లుకున్న అపోహలు

మామిడి కోతలు ముగిసిన నెలలో మా ఓపీలో పెద్దవాళ్ల వరుస పొడవవుతుంది. తోట పని ఉన్నన్నాళ్లూ పంటి బిగువున ఓర్చుకున్న మూత్రం ఇబ్బందిని పని తీరాక తిరుపతికి తీసుకొస్తారు. మొన్న దామలచెరువు వైపు నుంచి డెబ్బై దాటిన ఒక రైతు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మూడేళ్ల స్కానింగ్ కాగితాలు. పక్కన అల్లుడు, ఆయన ఫోనులో ఒక ప్రకటన. ‘సార్, రోబోతో చేస్తారా, లేజర్‌తోనా? ఏది గొప్పదైతే అదే చేయండి. ఖర్చుకు వెనకాడం’ అన్నాడు అల్లుడు. పెద్దాయన మాత్రం ‘నాకు ధార బాగా వస్తే చాలు నాయనా’ అన్నారు.

అసలు ప్రశ్న పెద్దాయనదే. అల్లుడి ప్రశ్న మాత్రం రోజుకు నాలుగుసార్లు వింటాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రోబో కొత్తది, కాబట్టి లేజర్ కన్నా మేలు.

నేను ఓపీలో కొబ్బరికాయతో చెబుతాను. ప్రొస్టేట్ అంటే మగవారిలో మూత్రాశయం కింద, మూత్రం దారి చుట్టూ ఉండే గ్రంథి. అందులో పెరిగి దారికి అడ్డుపడేది లోపలి భాగం. అది కొబ్బరి. చుట్టూ ఉన్న పొర చిప్ప. వాపుకు నేను ఇక్కడ చెప్పే ఏ ఆపరేషన్‌లోనైనా చిప్పను ఉంచి కొబ్బరిని తీస్తాం. తేడా అంతా ఎటునుంచి వెళ్తాం, ఎలా తీస్తాం అన్నదే.

దశాబ్దాలుగా చేస్తున్న టి.యు.ఆర్.పి.లో మూత్రం దారిలోంచే సన్నని దుర్బిణి గొట్టం పంపి, కరెంటు తీగతో కొబ్బరి కోరినట్లు కొంచెం కొంచెంగా కోరుకుంటూ వస్తాం. మధ్యరకం గ్రంథికి ఇప్పటికీ మంచి పద్ధతి. గ్రంథి వంద గ్రాములు దాటితే కోరడానికి చాలాసేపు పడుతుంది, రక్తం పోతుంది. అందుకే పెద్ద గ్రంథులకు పూర్వం పొట్ట కోసి వేలితో ఊడదీసేవారు. చిప్పను ముందువైపు నుంచి కోసి తీసే పద్ధతిని మిల్లిన్ అనే సర్జన్ 1945లో ప్రచురించాడు.

హోల్మియం లేజర్‌తో చేసే హోలెప్‌లో దారి టి.యు.ఆర్.పి. దారే, పని మాత్రం వేలు చేసిన పని. చాకు మొనను చిప్పకూ కొబ్బరికీ మధ్య దూర్చి మొత్తంగా ఊడదీసినట్లు, లేజర్ తీగతో ఆ పొరను పట్టుకుని విడదీస్తాం. 1990లలో న్యూజిలాండ్ సర్జన్లు దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. చేయి తిరిగినవారికి గ్రంథి 40 గ్రాములా, 200 గ్రాములా అన్నది పెద్ద అడ్డంకి కాదు.

రోబో ఆపరేషన్ పాత పొట్టకోత ఆపరేషన్‌కు కొత్త రూపం. పొట్టమీద ఐదారు చిన్న రంధ్రాలు వేసి, గాలి నింపి, తల కిందికి వంచిన బల్లమీద రోగిని పడుకోబెట్టి, మూత్రాశయాన్నో గ్రంథి చిప్పనో తెరిచి కొబ్బరి తీసి మళ్లీ కుడతాం. దీనికి పూర్తి మత్తు కావాలి. పొట్టకోతతో పోలిస్తే రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ. కానీ పొట్టకోతతో కాక లేజర్‌తో పోల్చి చూడండి. లేజర్‌కు బయట రంధ్రమే లేదు, నడుము మత్తు సరిపోతుంది, మూత్రం గొట్టం చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తీసేస్తాం. రోబో తర్వాత లోపలి కుట్టు మానాలి కాబట్టి గొట్టం సాధారణంగా దాదాపు వారం ఉంచాల్సి వస్తుంది. ఖర్చూ ఎక్కువే. ఆ పరికరాలు ఒక్కొక్కటీ ఇన్నిసార్లే వాడాలని లెక్క ఉంటుంది, ఆ లెక్క బిల్లులో కనిపిస్తుంది.

మరి రోబో దేనికి? గ్రంథి మరీ పెద్దదై, దానితోపాటు మూత్రాశయంలో పెద్ద రాళ్లో, గోడ పక్కకు ఉబ్బిన సంచో ఉంటే అన్నీ ఒకేసారి సరిచేయవచ్చు. తుంటి బిగుసుకుపోయి కాళ్లు ఎడంగా పెట్టలేనివారికి కింది నుంచి దుర్బిణి వేయడం కష్టం, అప్పుడూ పనికొస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో చిప్పతో సహా గ్రంథి మొత్తం తీయాలి. రోబోకు పేరు తెచ్చింది ఆ ఆపరేషనే. క్యాన్సర్‌కు చేసిన బంధువు కథ విని, మామూలు వాపుకూ అదే కావాలని అడిగేవారు చాలామంది. రెండూ వేర్వేరు జబ్బులు, వేర్వేరు ఆపరేషన్లు.

అపోహ: రోబో దానంతట అదే చేస్తుంది.

అది సర్జన్ చేతిని అనుసరించే యంత్రం. ఆయన పక్కనే ఒక మూల కూర్చుని తెరలో చూస్తూ నడుపుతారు. డాక్టరును అడగాల్సింది యంత్రం పేరు కాదు, ‘మీ చేత్తో ఇలాంటివి ఎన్ని చేశారు?’ అని. హోలెప్ నేర్చుకోవడం కష్టం. నా మొదటి పాతికలో కొన్ని గంటల తరబడి సాగాయి, ఒకటి మధ్యలో ఆపి మామూలు పద్ధతిలో ముగించాను. అలాంటి ప్రశ్న అడిగినందుకు కోపం తెచ్చుకునే డాక్టరు మీకు వద్దు.

అపోహ: లేజర్ అంటే బయటి నుంచి కిరణం పెట్టి కరిగించడం, మత్తు కూడా అక్కర్లేదు.

ఇది నిజమైతే నా నడుము నొప్పి తగ్గేది. లేజర్ తీగ దుర్బిణిలోంచి లోపలికి వెళ్తుంది. హోల్మియం కిరణాన్ని నీరు పీల్చేసుకుంటుంది కాబట్టి అది కణజాలంలోకి అర మిల్లీమీటరు కూడా దిగదు. కోస్తూనే రక్తనాళాలను మూసేస్తుంది. ఊడిన ముద్ద మూత్రాశయంలో తేలుతుంది. అది దారికన్నా పెద్దది. కొబ్బరిని కాయకుండే కన్నులోంచి బయటికి తీయాలన్నమాట. అందుకు మోర్సిలేటర్ అనే చిన్న యంత్రంతో తురిమి పీల్చాలి. ఈ ఘట్టంలో నేను ఎవరితోనూ మాట్లాడను. మూత్రాశయం నిండుగా లేకపోతే దాని గోడే పళ్లకు చిక్కుతుంది. దామలచెరువు పెద్దాయనకు హోలెప్ చేశాను. స్కానింగ్‌లో గ్రంథి 118 గ్రాములు. జల్లెడలో పడిన తురుమును తూకం వేస్తే 84. అదంతా బయాప్సీకి వెళ్లింది. గ్రంథిని ఆవిరి చేసే లేజర్లూ ఉన్నాయి. వాటిలో పరీక్షకు ముక్క మిగలదు, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

గుండెకు స్టెంట్ వేసుకుని రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారికి లేజర్ ఎక్కువ అనువు. అయితే మాత్ర ఆపాలా, కొనసాగించాలా అన్నది గుండె డాక్టరు, మేము కలిసి తేల్చాలి. ఆపరేషన్ ఉందని మీ అంతట మీరు ఆపేసి రావద్దు.

అపోహ: గ్రంథి పెరిగిందని స్కానింగ్‌లో వస్తే ఆపరేషనే.

పరిమాణం చూసి ఆపరేషన్ నిర్ణయించం. 35 గ్రాములకే మూత్రం బిగుసుకుపోయినవారు ఉన్నారు, 90 గ్రాములతో హాయిగా తిరిగేవారూ ఉన్నారు. ధార వేగం, పోసుకున్నాక లోపల మిగిలినది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇవి కావాలి. ఒక ప్రశ్న నేను తప్పక అడుగుతాను: ‘చివరిసారి సర్వదర్శనానికి ఎప్పుడు వెళ్లారు?’ కంపార్టుమెంటులో కూర్చోలేమని కొండకు వెళ్లడం మానేసినవారు, వెళ్లే ముందు రోజు నుంచే నీళ్లు మానేసేవారు ఎందరో. ఆ జవాబు పెద్దాయన భార్య ఇచ్చింది: ‘నాలుగేళ్లయింది సార్. అడిగితే మోకాళ్లంటారు.’

చాలామందికి టామ్సులోసిన్ వంటి మాత్రలతోనే సరిపోతుంది. డ్యూటాస్టెరైడ్ గ్రంథిని తగ్గిస్తుంది గానీ కనీసం ఆరు నెలలు ఓపిక పట్టాలి. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని పట్టేందుకు రక్తంలో చూసే పి.ఎస్.ఏ. అంకెను అది దాదాపు సగానికి దించుతుంది కాబట్టి రక్తపరీక్ష చూసే డాక్టరుకు మాత్ర సంగతి చెప్పాలి. పదేపదే మూత్రం బిగుసుకోవడం, రక్తం పడటం, రాళ్లు, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్, కిడ్నీలు ఉబ్బడం ఉంటే మాత్రం మాత్రలతో కాలం గడపవద్దు. ఇంకొక మాట: జలుబు మాత్రలు. రాత్రి మందుల షాపులో అడిగి వేసుకున్న ఒక్క జలుబు మాత్రతో తెల్లారేసరికి మూత్రం పూర్తిగా ఆగిపోయి వచ్చేవారిని ప్రతి చలికాలం చూస్తాను.

అపోహ: ఆపరేషన్ అయితే సంసారానికి పనికిరారు.

దీన్ని గట్టిగా అడిగేవారు తక్కువ, భార్య బయటికి వెళ్లాక గొంతు తగ్గించి అడుగుతారు. అంగస్తంభన చాలామందికి మునుపటిలాగే ఉంటుంది. మారేది వీర్యం దారి. టి.యు.ఆర్.పి., హోలెప్, రోబో, దేనితో చేసినా ఎక్కువమందికి వీర్యం బయటికి రాక మూత్రాశయంలోకి వెళ్లి, తర్వాత మూత్రంతో పోతుంది. హాని లేదు. కానీ ముందే చెప్పకపోతే మనిషి భయపడిపోతాడు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆపరేషన్‌కు ముందే నోరు విప్పాలి.

అపోహ: ఒకసారి తీశాక ఇక క్యాన్సర్ రాదు.

చిప్ప మిగిలే ఉంది. ప్రొస్టేట్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం మొదలయ్యేది ఆ అంచు భాగంలోనే. పి.ఎస్.ఏ. పరీక్షల సంగతి డాక్టరుతో మాట్లాడుతూనే ఉండాలి.

అపోహ: బయట కోత లేదు, కాబట్టి వారంలో మామూలు పనులు.

లోపల పుండు ఉంది, మీకు కనిపించదంతే. కొన్ని వారాలు దగ్గినా తుమ్మినా చుక్కలు పడవచ్చు. హోలెప్ తర్వాత ఇది కొంచెం ఎక్కువే. మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది. రెండో వారంలోనో మూడో వారంలోనో పక్కు ఊడి రక్తం పడే అవకాశం ఉంది. మా పెద్దాయన పన్నెండో రోజున బండి మీద తోటకు వెళ్లారు. సాయంత్రానికి గడ్డలతో ఎర్రగా మూత్రం, మళ్లీ ఆసుపత్రి, మళ్లీ గొట్టం, రాత్రంతా సెలైన్‌తో కడగడం. అల్లుడు ‘రోబోతో చేయించి ఉంటే ఇలా అయ్యేది కాదేమో’ అన్నాడు. మంచం మీద నుంచి పెద్దాయన ‘రోబో వచ్చి నా బండి ఆపేదా?’ అన్నారు. రెండో రోజుకు మూత్రం తేటపడింది. అలిపిరి మెట్లెక్కవచ్చా అని అడిగారు. ఆరు వారాలు ఆగమన్నాను. ఆయన భార్య తేదీ రాసుకుంది.