జైల్లో మన్నింపు చికిత్స: అపోహలు - వాస్తవాలు

ఈ చికిత్సకు తెలుగులో మొదటి చిక్కు మాటతోనే. ‘క్షమ’ అనగానే ఖైదీకి గుర్తొచ్చేది ఆగస్టు 15కో, జనవరి 26కో ప్రభుత్వం ఇచ్చే క్షమాభిక్ష. సిబ్బందికి గుర్తొచ్చేది క్షమాపణ. ఇది ఆ రెండూ కాదు, తనను గాయపరిచినవాళ్ల మీద ఖైదీ మోస్తున్న కోపాన్ని దించే పని. చికిత్స గ్రూపు పేరులో ఆ మాట పెట్టకుండా ‘కోపం, మనసు భారం’ అంటే సరిపోతుంది.

అపోహ: బాధితులను క్షమాపణ అడిగించడమే ఈ చికిత్స.

వాస్తవం: ఇక్కడ మన్నించేది ఖైదీ. చిన్నప్పుడు బెల్టుతో కొట్టిన తండ్రి, నమ్మించి ముంచిన బంధువు లాంటి వాళ్ల మీద ఏళ్ల తరబడి గడ్డకట్టిన కోపమే చికిత్సకు సరుకు. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ పద్ధతిలో నాలుగు దశలు: గాయాన్ని బయటికి తీయడం, మన్నించాలో వద్దో తనే తేల్చుకోవడం, గాయపరిచిన మనిషి ఎలా పెరిగాడో తెలుసుకునే పని, ఆ బాధకు ఒక అర్థం వెతుక్కోవడం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో, గరిష్ఠ భద్రతా జైల్లో ఈ పద్ధతిని పరీక్షించిన అధ్యయనం 2021లో వచ్చింది. చిన్న గ్రూపే అయినా కోపం, కుంగుబాటు, ఆందోళన తగ్గాయి.

అపోహ: మన్నిస్తే రాజీపడ్డట్టే.

వాస్తవం: కాదు. ‘వాడు చేసింది తప్పే’ అని గట్టిగా అనగలిగాకే పని మొదలవుతుంది. ఆ మనిషిని కలవక్కర్లేదు, ఆయన బతికి ఉండనక్కర్లేదు. వేధించేవాడు ఇప్పుడు అదే బ్యారక్‌లో ఉంటే మాత్రం ముందు బ్యారక్ మార్పించాలి. రోజూ దెబ్బలు తింటున్నవాడికి మన్నింపు పాఠం చెప్పడం అన్యాయం.

అపోహ: రెండు రోజుల శిబిరం, ఒక మంచి ప్రవచనం చాలు.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. 8 నుంచి 10 మందితో, వారానికి గంటన్నర చొప్పున దాదాపు ఆరు నెలలు పట్టే పని ఇది. గాయం బయటికొచ్చే మొదటి వారాల్లో నిద్ర చెడుతుంది, కోపం పెరుగుతుంది. శిబిరం సరిగ్గా అక్కడే ముగిసిపోతుంది. శుక్ర, శనివారాల్లో సెషన్ పెట్టొద్దు, ఆదివారం కలత పడితే ఆదుకునే కౌన్సెలర్ ఉండరు. ములాఖత్ రోజు, వాయిదా ముందురోజు కూడా వద్దు. సాయంత్రం లాకప్‌కు కనీసం గంట ముందు ముగించాలి. ఎర్రబడ్డ కళ్లతో బ్యారక్‌లోకి వెళ్తే తోటివాళ్లు వదలరు. మొదట అన్నిటికన్నా పెద్ద గాయాన్ని ముట్టుకోవద్దు. పదికి నాలుగైదు మార్కుల బాధతో మొదలుపెట్టాలి. గాయపరిచిన మనిషికి పంపని ఉత్తరం రాయిస్తే ఆ కాగితం బ్యారక్‌కు వెళ్లకూడదు. చదువు రానివారితో ఖాళీ కుర్చీకి చెప్పించవచ్చు.

అపోహ: ఏ ఖైదీనైనా కూర్చోబెట్టవచ్చు.

వాస్తవం: మన జైళ్లలో ఎక్కువమంది విచారణ ఖైదీలు. దేశం మొత్తంలో 2022 చివరికి 5,73,220 మందిలో 4,34,302 మంది వాళ్లే. వాళ్లతో కేసు సంగతి మాట్లాడించకూడదు, నోట్సులో రాయకూడదు. ఆత్మహత్య ఆలోచన, ఇతరులకు హాని, పారిపోయే పథకం వంటివి బయటపడితే గోప్యత ఉండదని మొదటి రోజే చెప్పాలి. భ్రమల్లో ఉన్నవారికి, మద్యం మానిన మొదటి రోజుల వణుకులో ఉన్నవారికి ముందు వైద్యం కావాలి. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో, చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబు వస్తే అదే రోజు మెడికల్ ఆఫీసర్‌కు చెప్పాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలి. వైద్యం కావాల్సినవారిని అక్కడికి పంపమని అడగండి.

అపోహ: ఏడిస్తే మారినట్టే.

వాస్తవం: కొలవాలి. మన్నింపును కొలిచే ఎన్‌రైట్ ప్రశ్నావళిలో 60 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 6, మొత్తం 60 నుంచి 360. మన్నింపు అనే మాట చివరిదాకా రాదు. చదవలేనివారికి కౌన్సెలరే విడిగా చదివి వినిపించాలి, తోటి ఖైదీతో చదివించొద్దు. హాజరును పెరోల్‌తోనో, శిక్ష తగ్గింపుతోనో ముడిపెడితే అందరూ మన్నించేసినవాళ్లే కనిపిస్తారు.

అపోహ: ముందు తనను తాను మన్నించుకోవాలి.

వాస్తవం: అది చివరి పాఠం. శిక్ష పడ్డ ఖైదీ తను చేసింది ఏమిటో సాకు లేకుండా ఒక్క వాక్యంలో చెప్పగలిగే దాకా దాన్ని తెరవొద్దు. ‘అయితే’, ‘కానీ’ ఆ వాక్యంలో ఉన్నాయంటే ఇంకా సమయం రాలేదు. బాధిత కుటుంబానికి ఉత్తరం రాస్తానంటే రాయనివ్వండి. వాళ్లు కోరకుండా పంపనివ్వకండి, ఆ కవరు ఆ ఇంట్లో పాత గాయాన్ని మళ్లీ రేపుతుంది.