షాకప్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడదు: బండి సస్పెన్షన్ మీద అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో మా షెడ్డుకు వచ్చి ‘అన్నా, బండి బాగా ఎగురుతాంది, షాకప్‌లు మార్చెయ్’ అనేవాళ్లలో చాలామందికి కొత్త షాకప్‌లు అక్కర్లేదు. టైర్లలో గాలి సరిచూసి, ఉన్న సెట్టింగు కొలిచి, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) ఆయిల్ మారిస్తే సగం గొడవ తీరుతుంది. రోజూ ఆఫీసుకో పొలానికో వెళ్లే మామూలు బళ్ల గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: వెనక షాకప్ పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుంది

ఎంత చెప్పినా ఈ నమ్మకం పోదు. మెట్టు అంటే షాకప్ మీద స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే రింగు సెట్టింగు. ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి 2 కిలోలు కావాల్సిన స్ప్రింగు ఒకటో మెట్టులో ఉన్నా, ఐదో మెట్టులో ఉన్నా తర్వాతి మిల్లీమీటరుకు 2 కిలోలే అడుగుతుంది. మెట్టు తిప్పితే మారేది బండి నిలబడే ఎత్తు మాత్రమే.

మరి గట్టిగా ఎందుకు అనిపిస్తుంది? ఒక్కరే కూర్చున్నా పై మెట్టులోనే ఉంచితే బండి దాదాపు పూర్తిగా పైకి లేచి ఉంటుంది. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగడానికి జాగా ఉండదు. టైరు గాల్లో తేలి, గుంత అవతలి అంచుకు కొట్టుకుంటుంది. నడుముకు తగిలేది ఆ దెబ్బే.

అందుకే ముందు శాగ్ కొలవాలి, అంటే మీ బరువుకు బండి ఎంత కుంగుతుందో చూడాలి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని గాల్లో వేలాడనివ్వండి. యాక్సిల్ నట్టు నుంచి నిటారుగా పైన ప్యానెల్ మీద ఒక గుర్తు పెట్టి, టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత బండిని కిందికి దించి, హెల్మెట్‌తో సహా కూర్చుని, రెండు కాళ్లూ ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టండి. బండిని ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. మొదటి లెక్కలోంచి రెండోది తీసేస్తే వచ్చేదే శాగ్. మొత్తం ప్రయాణంలో, అంటే చక్రం పైకీ కిందికీ కదలగల దూరంలో, ఇది నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండాలి. ముందు ఫోర్క్‌కు ఇంకా సులువు: ముందు చక్రం గాల్లో ఉండగా రాడ్డుకు ఒక ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి సీల్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) దాకా జరిపి, బండిని దించి, మెల్లగా కూర్చుని మెల్లగా దిగితే ట్యాగ్ ఎంత జరిగిందో కనిపిస్తుంది. 130 మి.మీ. ప్రయాణం ఉన్న ఫోర్క్‌కు 35 నుంచి 45 మి.మీ. సరిపోతుంది.

పై మెట్టు బరువులకే. నర్సంపేట వైపు వెనక రెండు యూరియా బస్తాలు కట్టుకుని పోతారు. బస్తా 45 కిలోల లెక్కన అది 90 కిలోలు. అప్పుడు ఐదో మెట్టే కరెక్టు. బస్తాలు దించాక మెట్టు దించే మనిషిని మాత్రం నేనింకా చూడాలి.

అపోహ: బండి ఎగిరితే స్ప్రింగు పోయినట్టే

సీటు వెనక భాగాన్ని బలంగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి వచ్చి ఆగిపోవాలి. మళ్లీ మళ్లీ ఊగితే పోయింది స్ప్రింగు కాదు, లోపలి డ్యాంపింగ్, అంటే ఊపును ఆపే శక్తి. స్ప్రింగు పైకి తన్నేటప్పుడు ఆపే పని ఆయిల్‌ది. కమ్యూటర్ బళ్ల వెనక షాకప్‌లు ఎక్కువగా సీల్ చేసినవే కాబట్టి మార్చాల్సిందే, అదీ జతగా. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే రెండువైపులా పని సమానంగా ఉండదు.

అపోహ: ఫోర్క్‌లో ఏ ఆయిల్ పోసినా ఒకటే

మిగిలిన ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫోర్క్ లోపల ఆయిల్ సన్న రంధ్రాల గుండా అటూ ఇటూ పరుగెత్తుతుంది. నురగ పట్టిందంటే డ్యాంపింగ్ పోయినట్టే. నురగ పట్టకుండా తయారైనదే ఫోర్క్ ఆయిల్. ఇంకో చిక్కుంది: డబ్బా మీద చిక్కదనం గ్రేడు 10డబ్ల్యూ అని ఉన్నా రెండు కంపెనీల చిక్కదనం ఒకేలా ఉండాలని లేదు. కొలత కూడా మాన్యువల్లో ఉన్నంతే పోయాలి. ఎక్కువైతే పైన గాలి జాగా తగ్గి, ఫోర్క్ చివర్లో రాయిలా బిగుసుకుంటుంది, సీళ్లు కారతాయి. తక్కువైతే బ్రేక్ పట్టగానే అడుగుకు కొట్టుకుంటుంది.

సీల్ కారుతుంటే ఉత్త సీల్ మార్చి పంపకూడదు. రాడ్డు మీద గోరుతో పైనుంచి కిందికి గీసి చూడండి. ఎక్కడైనా గోరు ఆగిందంటే అక్కడ తుప్పు గుంటో గీతో ఉంది, కొత్త సీల్‌నూ అదే కోసేస్తుంది. తాడ్వాయి, మేడారం వైపు బురదలో తిరిగి వచ్చాక డస్ట్ సీల్ దగ్గర మట్టి తుడవడం అలవాటు చేసుకోండి. కారిన ఆయిల్ డిస్క్ మీదికి చేరితే ముందు బ్రేక్ పట్టదు.

అపోహ: పక్కన డబ్బా ఉన్న గ్యాస్ షాకప్ వేస్తే హ్యాండ్లింగ్ పెరుగుతుంది

గ్యాస్ ఒత్తిడి పని ఆయిల్‌ను నురగ పట్టనివ్వకపోవడం. స్ప్రింగు మీ బరువుకు, బండికి సరిపోకపోతే ఆ ఎర్ర డబ్బా అలంకారమే. చవక రకాల్లో కొన్నింటికి ఆ డబ్బా ఉత్త ఖాళీదే. డబ్బు పెట్టాలనుకుంటే ముందు మీ బరువుకు సరైన గట్టిదనం ఉన్న స్ప్రింగు మీద పెట్టండి.

అపోహ: ఎంత గట్టిగా ఉంటే మలుపులో అంత పట్టు

చదునైన రేస్ ట్రాక్ మీద గట్టి సెట్టింగు పనికొస్తుందేమో. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ రోడ్డు మీద గట్టి బండి ఒక్కో ఎగుడుకూ నేల వదిలేస్తుంది. నేలను తాకని టైరుకు పట్టు ఎక్కడిది?

ఇక హ్యాండిల్ వణికితే ముందు ఫోర్క్‌ను అనుమానించకండి. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, ఫోర్క్ కింది భాగాన్ని ముందుకూ వెనక్కూ గుంజి చూడండి. టక్కుమంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) వదులైంది. హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యలో ఆగి పట్టినట్టుంటే బాల్స్ అరిగాయి. వెనక చక్రం పక్కలకు ఊగితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బుష్‌లు చూడాలి. ఇవి వదులుగా ఉండగా ఎంత ఖరీదైన షాకప్ వేసినా బండి మలుపులో తిన్నగా పోదు.

కొత్త కేటీఎం 390 డ్యూక్ లాంటి బళ్లకు డ్యాంపింగ్ క్లిక్కులు, అంటే డ్యాంపింగ్‌ను మెట్టుమెట్టుగా మార్చే స్క్రూలు ఉంటాయి. పూర్తిగా మూసిన చోటు నుంచి లెక్కపెట్టి పాత సెట్టింగు ఫోన్‌లో రాసుకోండి. ఒకసారికి ఒక్క స్క్రూనే, ఒక్క క్లిక్కే మార్చి, అదే రోడ్డు మీద నడిపి చూడండి. మూసే చివర మాత్రం స్క్రూను బలవంతంగా తిప్పొద్దు, లోపలి సూది పాడవుతుంది.