పులికాట్ బురదలో పిట్టలు: అపోహలు - వాస్తవాలు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీలుస్తూ సాగుతుంది. చలికాలపు ఉదయాల్లో పిట్టలు చూపించడానికి కొత్తవారిని అక్కడికి తీసుకెళుతుంటాను. వారి నోట తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: సరస్సు ఎంత నిండితే పిట్టలు అంత ఎక్కువ.

ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండితే నీటి అంచు బురదలో మేసే ఉల్లంకి పిట్టలకు కష్టకాలమే. వాటిలో ఒకటైన లిటిల్ స్టింట్ కాళ్లు వేలెడు పొడవు కూడా ఉండవు. దానికి కావలసింది పలుచని నీటి పొర, దాని కింద పురుగులు, నత్తలు నిండిన బురద. అందుకే నీరు వెనక్కి తగ్గి బురద అంచులు బయటపడ్డాక వెళ్లమంటాను. ప్లోవర్ నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, కంటికి కనిపించినదాన్ని పైపైనే పొడుస్తుంది. గాడ్‌విట్, కర్లూ పొడవాటి ముక్కును లోతుకు దించి, కనిపించని మేతను ముక్కు కొసతో తడిమి పట్టుకుంటాయి. ఒకే బురదలో ఇన్ని జాతులు పక్కపక్కనే బతకగలగడం ఇందువల్లే. దాన్ని పనికిరాని నేల అంటే నేను ఒప్పుకోను.

అపోహ: తీతువు కూస్తే చావు కబురు వస్తుంది.

ఈ మాట నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. తీతువు ప్లోవర్ల కుటుంబపు పిట్ట. చెట్టెక్కి గూడు కట్టదు. బయలు నేల మీద చిన్న గుంటలో, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్లు మట్టిలో, గులకరాళ్లలో కలిసిపోతాయి. వాటికి గూటి రక్షణ లేదు. కుక్కో నక్కో మనిషో అటు వస్తే, పగలైనా అర్ధరాత్రి అయినా అరుస్తూ చుట్టూ ఎగురుతుంది, శత్రువు చూపును తన వైపు తిప్పుకుంటుంది. ఎండలు మండేటప్పుడు పొట్ట ఈకలను నీటిలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఆ కూతలో ఉన్నది పిల్లల మీద బెంగే. ఆకాశం విరిగి పడుతుందని కాళ్లు పైకెత్తి పడుకుంటుందనేదీ కట్టుకథే.

అపోహ: గల్ పక్షులు సముద్రంలోనే పుట్టి పెరుగుతాయి.

పులికాట్‌లో కనిపించే బ్రౌన్‌హెడెడ్ గల్ గుడ్లు పెట్టే చోట్లలో లద్దాఖ్‌లోని త్సో మొరీరి సరస్సు ఒకటి. అది సముద్రమట్టానికి 4,500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. చలికాలంలో ఈ గల్ తల తెల్లబడి, చెవి దగ్గర నల్ల మచ్చ మాత్రమే మిగులుతుంది. కాబట్టి పేరును నమ్ముకుని గోధుమరంగు తల కోసం వెతకకండి. ఎగిరినప్పుడు రెక్క చివరి నలుపులో తెల్లని మచ్చలు ఉన్నాయేమో చూడండి.

తెల్లవారకముందే చేరకపోతే పిట్టలు ఉండవనేదీ సరికాదు. ఉల్లంకి పిట్టలు రాత్రిళ్లూ మేస్తాయి. పొద్దున్నే వెళ్లడం మన చూపు కోసం: ఎండ ముదిరితే వేడి గాలి అలలకు టెలిస్కోపులో బొమ్మ వణుకుతుంది. రోడ్డుకు ఉత్తరం వైపు నీటిని చూస్తే వెలుతురు మీ వీపు వైపు నుంచి పడుతుంది.

అపోహ: ఫోటో కోసం ఒకసారి అదిలిస్తే నష్టమేమీ లేదు.

2022లో ఒక బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ పిల్ల అలాస్కా నుంచి టాస్మానియాకు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. ఇలాంటి ప్రయాణాలకు ఇంధనం ఒంట్లో దాచుకున్న కొవ్వే. మన దగ్గర చలికాలం గడిపే లిటిల్ స్టింట్‌లు కూడా ఉత్తర ధ్రువం వైపున్న, చెట్లు లేని చలి నేలలైన ఆర్కిటిక్ టండ్రాకు తిరిగి వెళ్లాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అవి ఆబగా మేసేది అందుకే. అదిలించి ఎగరగొట్టిన ప్రతిసారీ ఆ కొవ్వు కొంత కరుగుతుంది, మేత సమయం పోతుంది. గుంపు మేత ఆపి తలలెత్తిందంటే మీరు ఇప్పటికే దగ్గరకు వచ్చేశారు. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి జరగండి.