గబాన్ అడవిలో నందివర్ధనం చుట్టం

మన పెరట్లో పూజకు కోసే నందివర్ధనానికి మధ్య ఆఫ్రికాలోని గబాన్ అడవుల్లో ఒక చుట్టం ఉంది. పేరు ఇబోగా. రెండూ గన్నేరు కుటుంబానివే. పెద్ద చెట్ల నీడలో నిలువెత్తు పొద, చిన్న పూలు, పండితే నారింజ రంగుకు తిరిగే కాయలు. చూస్తే ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. ఉన్నదంతా వేరు బెరడులోనే. నమిలితే కటిక చేదు, నోరంతా మొద్దుబారిపోతుంది.

మిత్సోగో, ఫాంగ్ వంటి తెగల బ్విటి అనే ఆధ్యాత్మిక సంప్రదాయానికి ఆ బెరడే ఆయువుపట్టు. దీక్ష పుచ్చుకునేవాణ్ని బాంజీ అంటారు. రాత్రంతా అతనికి బెరడు తినిపిస్తూ, ఎనిమిది తీగల న్గోంబి వాద్యం మోగిస్తారు. ఒకుమే చెట్టు బంకతో చేసిన దివిటీలు మండుతుంటాయి. పూర్వీకులు కళ్లెదుట కనబడతారని వాళ్ల నమ్మకం. పెద్దలు పక్కనే కూర్చుని, బాంజీని కనిపెట్టుకుని ఉంటారు.

ఈ విద్య అడవిలో తమకన్నా ముందునుంచీ ఉన్న పిగ్మీలదేనని ఫాంగులే ఒప్పుకుంటారు. వాళ్ల కథలో పండ్ల కోసం చెట్టెక్కిన పిగ్మీ ఒకడు పడి చనిపోతాడు. దేవుడు అతని చిటికెన వేళ్లు కోసి నాటితే ఇబోగా మొలిచింది. చేతికున్నా చెట్టుకున్నా 'వేళ్లే' అనే మనకు ఈ కథ ఇట్టే అంటుకుంటుంది.

1901లో ఫ్రెంచివాళ్లు ఆ బెరడునుంచి దాని ప్రభావానికి మూలమైన ఇబోగైన్ అనే ఆల్కలాయిడ్‌ను, అంటే నత్రజని ఉన్న మొక్కల రసాయనాన్ని, విడదీశారు. ఇలాంటి ఆల్కలాయిడ్లను మొక్కలు చాలావరకు తమను మేసేవాటినుంచి కాచుకోవడానికే తయారుచేసుకుంటాయి. మన బిళ్లగన్నేరులోనూ ఈ రకానికే చెందిన కాథరాంథిన్ ఉంది. క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ అణువులో ఒక సగం దాన్నుంచి వచ్చిందే.

1962లో హెరాయిన్‌కు అలవాటుపడ్డ హోవర్డ్ లాట్సాఫ్ అనే అమెరికన్ కుర్రాడు ఇబోగైన్ మింగి చూశాడు. మత్తు మీద యావ పోయిందన్నాడు. అప్పటినుంచి అది అడవి దాటి చికిత్సాలయాలకు చేరింది. చిక్కేమిటంటే, ఈ పదార్థం గుండె కండర కణాల్లోంచి పొటాషియం బయటకు వెళ్లే దారులకు అడ్డుపడుతుంది. గుండె లయ తప్పి ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో 1970నుంచీ ఇది నిషిద్ధమే.

బయట గిరాకీ పెరిగేసరికి అడవిలో దొంగ తవ్వకాలు పెరిగాయి. పక్కవేళ్లు కొన్ని తీసి మట్టి కప్పేస్తే పొద మళ్లీ పుంజుకుంటుంది. దొంగలకు అంత ఓపికెక్కడిది, మొదలంటా పెకలిస్తారు. గబాన్ 2000లో ఇబోగాను జాతీయ వారసత్వంగా ప్రకటించింది. కొన్ని ఊళ్లవాళ్లు ఇప్పుడు సొంతంగా నాటి పెంచుకుంటున్నారు. వాళ్లకు మరో తలనొప్పి ఏనుగులు. వాటికి ఆ పండ్లంటే మహా ఇష్టం.